నీటి కింద డప్పు

(ఈ గాథలోని తేదీలు, నిర్ణయాలు, అంకెలు యథార్థం. తాత, మనవరాలు మాత్రం ఆ తీరపు బతుకును దగ్గరగా చూపడానికి అల్లుకున్న పాత్రలు.)

2021 మార్చి. దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని రిచర్డ్స్ బే. బ్రాకెన్‌హామ్ పేటలో ఒక చిన్న తిండి దుకాణం. సాయంత్రం గిరాకీ ఊపందుకునే వేళకు కరెంటు పోయింది.

మనవరాలు కొవ్వొత్తి కోసం వెతకలేదు. ముందు ఫ్రీజరు దగ్గరికి వెళ్ళి దాని మీద పాత దుప్పటి కప్పింది. మూత తెరవకపోతే లోపలి చల్లదనం కొంతసేపు నిలుస్తుంది. అందులో తాత పొద్దున పట్టుకొచ్చిన చేపలున్నాయి, రేపటి కూరకు మాంసం ఉంది, దుకాణం పెట్టుబడిలో సగం ఉంది.

సగం బ్రెడ్డు దిమ్మెలో గుంట తవ్వి, అందులో వేడి కూర నింపి ఇచ్చే బన్నీ చౌ ఆ దుకాణం ప్రత్యేకత. డర్బన్ భారతీయులు పుట్టించిన తిండి అది. బయట ముగ్గురు నిలబడ్డారు. చీకట్లోనే కూర పోసి ఇచ్చింది.

తాత గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మనవరాలు ఫోన్ వెలుగులో వార్త చదివి వినిపించింది. "తాతా, మన రేవుకి ఓడ వస్తుందట. కరెంటు ఓడ. ఇరవై ఏళ్ళు ఇక్కడే ఉంటుందట."

"ఓడలో కరెంటేంటే?"

"ఓడ మీదే ఇంజన్లు. గ్యాసు కాల్చి కరెంటు తీస్తారు. తీగ ఒడ్డుకు లాగుతారు."

తాత కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగిన మాట ఒక్కటే. "ఆ ఇంజన్ల చప్పుడు నీళ్ళలోకి దిగదూ?"

వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లిషులోనే. నాలుగు తరాల కిందట ఓడెక్కి వచ్చిన తెలుగులో ఆ ఇంట మిగిలింది 'తాత' అనే పిలుపు ఒక్కటే.

ఓడెక్కి వచ్చినవాళ్ళు

1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ డర్బన్ చేరింది. నాటి నాటాల్ చెరకు తోటల్లో పనిచేయడానికి ఒప్పందం మీద వచ్చిన మొదటి కూలీలు అందులో ఉన్నారు. ఆ తర్వాత యాభై ఏళ్ళలో వచ్చిన ఓడల్లో మన కోస్తా జిల్లాల నుంచి, చిత్తూరు వైపు నుంచి ఎందరో తెలుగువాళ్ళు వెళ్ళారు. 1931లో అక్కడివాళ్ళు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అది నేటికీ ఉంది.

ఒప్పందం తీరాక కొందరు కూరగాయలు పండించారు. కొందరు వల పట్టారు. డర్బన్ రేవు మధ్యలో సాలిస్‌బరీ దీవిలో భారతీయ జాలరుల గుడిసెలు వెలిశాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళ స్థావరం కోసం ఆ దీవిని తీసుకున్నారు. జాలరులు లేచిపోవలసి వచ్చింది. దేశానికి అవసరం అన్నారు. అడిగినవాళ్ళు లేరు, అడగడానికి చట్టమూ లేదు.

ఈ కథలోని తాత ఆ దీవి పిల్లవాడే. అతనికి తెలిసిన మొదటి పాఠం అది: దేశానికి అవసరం అన్న మాట వినిపించిందంటే, ముందు కదలాల్సింది జాలరి పడవే.

రెండుగా చీలిన నదీముఖం

రిచర్డ్స్ బే పుట్టుకలోనే అలాంటి కథ ఉంది. మ్హ్లతూజె నది సముద్రంలో కలిసేచోట పెద్ద చిత్తడి నేల, మడ అడవి, బురద మేట ఉండేవి. మన కోరింగలాంటి చోటు. 1970లలో అక్కడ బొగ్గు ఎగుమతి రేవు కట్టారు. నదీముఖం మధ్యలో అడ్డకట్ట వేసి దాన్ని రెండుగా చీల్చారు. ఒక సగం రేవయింది. రెండో సగాన్ని అభయారణ్యంగా విడిచారు. 1976లో రేవు తెరుచుకుంది. ఇప్పుడది ప్రపంచంలోని పెద్ద బొగ్గు ఎగుమతి కేంద్రాల్లో ఒకటి.

అయితే రేవుగా మారిన సగం కూడా చచ్చిపోలేదు. అందులో మడ చెట్లున్నాయి, ఇసుక తిన్నెలున్నాయి, కాబెల్‌యూస్ ఫ్లాట్స్ అనే బురద మేట ఉంది. కాబెల్‌యూ అంటే అక్కడి భాషలో ఒక చేప. ఇంగ్లిషులో కాబ్. ఆ మేటకు ఆ చేప పేరే పెట్టారు.

మన పాఠకులకు ఆ చేపను పరిచయం చేయడం సులువు. అంతర్వేదిలోనో కాకినాడలోనో ఏడాదికోసారి ఎవరి వలలోనైనా కచిడి పడి, లక్ష రూపాయలకు పైగా పలికిందని పేపర్లో చదువుతాం కదా, కాబ్ ఆ కుటుంబపు చేపే. కచిడికి అంత ధర దాని కడుపులోని గాలితిత్తి వల్ల. కాబ్‌కీ ఆ తిత్తే ప్రాణం. తిత్తి చుట్టూ ఉన్న కండరాలను వేగంగా ఆడించి అది డప్పులా శబ్దం చేస్తుంది. బురద నీళ్ళలో, రాత్రి చీకట్లో కళ్ళు పనిచేయవు. జోడును వెతుక్కోవాలన్నా, గుంపు కట్టాలన్నా ఆ డప్పే దారి.

చిన్నప్పుడు మనవరాలిని పడవలో కూర్చోబెట్టుకుని తాత ఒక రాత్రి ఇంజన్ ఆపేశాడు. "చెయ్యి పలక మీద ఆనించు" అన్నాడు. ఫైబరు పడవ అడుగు పలక మీద అరచేయి పెడితే సన్నటి అదురు తగిలింది. డుగు డుగు డుగు. ఆగి మళ్ళీ. "అదే చేప మాట" అన్నాడు తాత.

అందుకే ఆ సాయంత్రం చీకటి దుకాణంలో అతను అడిగింది ధర గురించి కాదు, చప్పుడు గురించి.

రెండు కొలతలు

ఓడలు ఎందుకు వస్తున్నాయో చెప్పకపోతే కథ ఏకపక్షం అవుతుంది.

దక్షిణాఫ్రికాలో కరెంటు కోతలు 2007 చివరి నుంచి వస్తూ పోతూ ఉన్నాయి. ఎస్కమ్ అనే ప్రభుత్వ సంస్థ బొగ్గు కేంద్రాలు పాతబడి, మరమ్మతులు లేక ఒకదాని తర్వాత ఒకటి కూలబడ్డాయి. 2020 ఆగస్టులో ప్రభుత్వం 2,000 మెగావాట్ల అత్యవసర కరెంటు కోసం టెండరు పిలిచింది. 2021 మార్చి 18న ఇంధన మంత్రి గ్వేడె మంటాషె ఎంపికైన వాళ్ళ పేర్లు ప్రకటించారు. అందులో అతి పెద్ద వాటా తుర్కియేకు చెందిన కరదెనిజ్ గ్రూపు సంస్థ కార్పవర్‌షిప్‌ది. మూడు రేవుల్లో 1,220 మెగావాట్లు. రిచర్డ్స్ బేలో 450, కోహా దగ్గరి ఎన్‌గుర రేవులో 450, పడమటి తీరంలోని సల్దానా బేలో 320. ఒప్పందం 20 ఏళ్ళకు. ఆ కాలమంతా కలిపి ఖర్చు 200 బిలియన్ రాండ్లు దాటుతుందని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ అంచనా కట్టింది.

పని తీరు ఇది. మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చిన గ్యాసును ట్యాంకరు ఓడ తెస్తుంది. రేవులోనే నిలిచి ఉండే ఇంకో ఓడ దాన్ని నిల్వ చేసి, మళ్ళీ వాయువుగా మారుస్తుంది. పక్కనున్న పవర్‌షిప్ దాన్ని ఇంజన్లలో కాల్చి కరెంటు తీస్తుంది. చల్లబరచడానికి సముద్రపు నీటిని తోడి, వేడెక్కిన నీటిని తిరిగి వదులుతుంది. ఇంజన్ల అదురు ఓడ అడుగు నుంచి నీటిలోకి దిగుతుంది. నీటిలో శబ్దం గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంతో పోతుంది.

ఒడ్డున ఉన్నవాళ్ళకు ఓడ అంటే వెలుగు. నీళ్ళలో ఉన్నవాటికి ఓడ అంటే 20 ఏళ్ళు ఆగని మోత. ఈ రెంటినీ ఒకే తక్కెడలో తూచే బాధ్యత ఎవరిది?

దక్షిణాఫ్రికా రాజ్యాంగం 24వ అధికరణం దీనికి జవాబు చెబుతుంది. ఆరోగ్యానికి, క్షేమానికి హాని చేయని పర్యావరణం ప్రతి ఒక్కరి హక్కు. ఆ పర్యావరణాన్ని ఇప్పటి తరం కోసం, రాబోయే తరాల కోసం కాపాడాలి. వర్ణవివక్ష కూలాక రాసుకున్న మాటలవి. ఆ మాటలకు పనిముట్టుగా 1998లో జాతీయ పర్యావరణ నిర్వహణ చట్టం వచ్చింది. దాని ప్రకారం పెద్ద ప్రాజెక్టు ఏదైనా ముందు ప్రభావాన్ని అధ్యయనం చేయాలి, ఆ నివేదికను జనం ముందు పెట్టాలి, వాళ్ళు చెప్పింది వినాలి. ఆ తర్వాతే అనుమతి.

2020లో కంపెనీ కోవిడ్ అత్యవసరం పేరు మీద ఈ మెట్లు దాటేసే మినహాయింపు సంపాదించింది. గ్రీన్ కనెక్షన్ అనే సంస్థ అభ్యంతరం చెప్పింది. పర్యావరణ శాఖ ఆ మినహాయింపును వెనక్కి తీసుకుంది. కంపెనీ మామూలు దారిలోనే రావలసి వచ్చింది.

వేల పేజీలు, ఒక ప్రశ్న

కోవిడ్ రోజులు కావడంతో సమావేశాలు చాలావరకు ఫోన్ తెరల మీద నడిచాయి. నివేదికలు వేల పేజీలు. డేటా ప్యాక్ కొనుక్కోలేని జాలరికి ఆ తెర కనిపించదు. ఇంగ్లిషు చదవలేని జులు జాలరికి ఆ పేజీ పలకదు.

దుకాణం కట్టేశాక మనవరాలు చదివేది. తాత వినేవాడు. వేడి నీళ్ళ గురించి ఉంది, పొగ గురించి ఉంది, ఉద్యోగాల గురించి ఉంది.

"నీళ్ళ కింద చప్పుడు గురించి ఏముందే?"

"ఇంకా చదువుతున్నా తాతా."

"అది చదివాక లేపు" అని తాత కుర్చీలోనే కునుకు తీశాడు.

ఆమెకు ఆ ఓడ మీద కోపం లేదు. నిజం చెప్పాలంటే ఆమెకు ఓడ కావాలి. ఫ్రీజరు ఆగకుండా తిరగాలి. అయినా ఆ రాత్రి ఆమె రాసిన అభ్యంతరంలో ఒకే ప్రశ్న ఉంది. కాబ్ పిల్లలు పెరిగే మేట పక్కన రాత్రింబవళ్ళు ఇంజన్లు తిరిగితే ఏమవుతుందో మీరు కొలిచారా?

అచ్చంగా అదే ప్రశ్నను పెద్ద సంస్థలు చట్టం భాషలో వేశాయి. గ్రీన్ కనెక్షన్, గ్రౌండ్‌వర్క్, సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంటల్ రైట్స్, దక్షిణ డర్బన్ సముదాయ పర్యావరణ కూటమి. చివరిదాని నాయకుడు డెస్మండ్ డిసా 2014లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి అందుకున్నారు. చమురు శుద్ధి కేంద్రాల పొగలో బతికే దక్షిణ డర్బన్ పేటల నుంచి పుట్టిన కూటమి అది. ఆ పేటల్లో ఒకటైన మెరెబ్యాంక్‌లో తెలుగు, తమిళ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి.

చప్పుడు భయం ఊహ కాదని చెప్పే ఉదాహరణ అదే దేశంలో ఉంది. ఓడలు ఆగాల్సిన మూడు రేవుల్లో ఒకటైన ఎన్‌గుర, అల్గోవా అఖాతంలో ఉంది. అక్కడే సెయింట్ క్రోయి దీవి. ఒకప్పుడు ఆఫ్రికన్ పెంగ్విన్‌ల అతి పెద్ద స్థావరం. 2016 నుంచి ఆ అఖాతంలో ఓడ నుంచి ఓడకు ఇంధనం నింపడం మొదలైంది. ఆ తర్వాత నీటి కింది శబ్దం రెట్టింపయిందనీ, దీవి మీద పెంగ్విన్‌లు ఎనభై శాతానికి పైగా తగ్గిపోయాయనీ 2022లో అచ్చయిన పరిశోధన చెప్పింది. ఆహారం కొరత లాంటి కారణాలూ ఉన్నాయి. కానీ చప్పుడును పక్కన పెట్టడానికి వీల్లేదని ఆ దీవి చెబుతోంది.

కాదన్న రోజు

2021 జూన్ 23. పర్యావరణ శాఖ మూడు రేవుల దరఖాస్తులనూ తిరస్కరించింది.

కారణాలు సూటిగా ఉన్నాయి. ప్రాజెక్టు ప్రభావం ఎంతో సరిగా బేరీజు వేయడానికి చాలినంత సమాచారం లేదు. నీటి కింది శబ్దం మీద తగిన అధ్యయనం లేదు. జనాభిప్రాయ సేకరణ చట్టం అడిగిన కనీస పద్ధతిలో జరగలేదు.

మనవరాలు వార్త చదువుతుంటే తాత మధ్యలో ఆపాడు. "ఆ చప్పుడు ముక్క మళ్ళీ చదువు." చదివింది. "ఇంకోసారి." మళ్ళీ చదివింది.

ఒక మోటు చేతుల జాలరి పడవ పలక మీద అరచేత్తో తెలుసుకున్న సంగతి ప్రభుత్వ ఉత్తర్వులో అక్షరాలై కనిపించింది. చట్టం గొప్పతనం అక్కడే ఉందని నేననుకుంటాను. అది చేప పక్షాన తీర్పు చెప్పలేదు. ఓడ చెడ్డదని అనలేదు. చూడకుండా ఎలా ఒప్పుకుంటాం అని మాత్రమే అడిగింది.

చీకటి ముదిరింది

అడగడం తేలిక కాదు. ఆ తర్వాతి రెండేళ్ళూ దేశం చీకట్లో కూరుకుపోయింది. 2022లో 200 రోజులకు పైగా కోతలు. 2023లో 330 రోజులకు పైగా. ఒకే రోజు మూడు నాలుగు విడతలు. మనవరాలు ఒక బస్తా చేపలు పారబోసింది. జనరేటరు కొంది, డీజిలుకు లాభమంతా పోసింది.

ఒక రాత్రి ఆమె తాత మీద విరుచుకుపడింది. "నువ్వు చేప వినడం గురించి మాట్లాడతావు. నా ఫ్రీజరు ఏడుపు ఎవరు వింటారు తాతా? ఓడ వచ్చుంటే ఈపాటికి కరెంటు ఉండేది."

తాత దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న తప్పు కాదు. పేదవాళ్ళ ఒక అవసరాన్ని వాళ్ళ ఇంకో అవసరం మీదికే ఉసిగొల్పినప్పుడు ఇళ్ళలో ఇలాగే గొడవలవుతాయి.

ఇటు కాగితాల పోరు సాగుతూనే ఉంది. 2021 సెప్టెంబరులో ఇంధన నియంత్రణ సంస్థ నెర్సా ఓడలకు ఉత్పత్తి లైసెన్సులిచ్చింది. పన్నుల దుర్వినియోగం మీద పోరాడే ఔటా సంస్థ 2022లో వాటిని ప్రిటోరియా హైకోర్టులో సవాలు చేసింది. పర్యావరణ అనుమతి తిరస్కరణ మీద కంపెనీ చేసుకున్న అప్పీళ్ళను 2022 ఆగస్టు 1న మంత్రి బార్బరా క్రీసీ కొట్టేశారు. లోపాలు సరిదిద్దుకుని మళ్ళీ రమ్మని దారి మాత్రం తెరిచి ఉంచారు. 2023 మార్చిలో రిచర్డ్స్ బే దరఖాస్తు మళ్ళీ తిరస్కరణకు గురైంది. మళ్ళీ అప్పీలు, మళ్ళీ పరిశీలన. చివరికి 2023 అక్టోబరులో శాఖ రిచర్డ్స్ బే ఓడకు పర్యావరణ అనుమతి ఇచ్చింది. ఈసారి అప్పీలుకు వెళ్ళడం సంస్థల వంతయింది.

మొదటి ప్రణాళిక ప్రకారం 2022 ఆగస్టు కల్లా కరెంటు రావాలి. ఆలస్యానికి కారణం పర్యావరణవాదులేనని చాలామంది తిట్టారు. కానీ ముందే అడగడం వల్ల పోయేది కాలం. అడగకుండా సంతకం పెడితే పోయేది అంతకన్నా పెద్దది. పాకిస్తాన్‌ను చూడండి. ఇదే కరదెనిజ్ గ్రూపు ఓడ కరాచీలో నిలిచింది. 2012లో అక్కడి సుప్రీంకోర్టు అద్దె కరెంటు ఒప్పందాలన్నీ చెల్లవంది. అక్కడి ప్రశ్న అవకతవకలది, పర్యావరణానిది కాదు. అయినా అప్పటికే సంతకాలు అయిపోయాయి, ఓడ రేవులో ఉంది. కంపెనీ అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కు వెళ్ళింది. 2017లో పాకిస్తాన్ కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పు వచ్చింది. 2019లో రాజీ కుదిరితే గానీ ఆ దేశం గట్టెక్కలేదు. తాడు కట్టాక అడిగే ప్రశ్న ఖరీదు అది.

మన కాకినాడ మాట

ఇది మనకు దూరపు కథ కాదు. తేలే కరెంటు కేంద్రాన్ని తెలుగు నేల ఎప్పుడో చూసింది. మంగుళూరు దగ్గర తన్నీరుబావిలో 2001లో జీఎంఆర్ సంస్థ 220 మెగావాట్ల కేంద్రాన్ని బార్జి మీద నిలిపింది. నాఫ్తాతో నడిచేది. 2010లో దాన్ని దేశం చుట్టూ తిప్పి కాకినాడకు తెచ్చారు. కృష్ణా గోదావరి సముద్ర గర్భం నుంచి గ్యాసు వస్తుందని ఆశ. కొన్నాళ్ళకే కేజీ డీ6 గ్యాసు పడిపోయింది. ఆ బార్జి ఒక్కటే కాదు, గోదావరి జిల్లాల్లో ఒడ్డున కట్టిన గ్యాసు కేంద్రాలు కూడా ఇంధనం లేక ఖాళీగా నిలబడ్డాయి. ఓడ వచ్చినంత మాత్రాన కరెంటు రాదు. దాని వెనక గ్యాసు రావాలి, ఏళ్ళ తరబడి రావాలి, కొనగలిగే ధరకు రావాలి.

అడగడం విలువ మనకూ తెలుసు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న జనం మీద 2010 జులైలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. చిత్తడి నేలను చిత్తడి నేలగా చూడకుండా ఇచ్చిన అనుమతిని అప్పటి పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ రోజుల్లోనే రద్దు చేసింది. బీల నీటిలో వరి నాటిన రైతుకు ముందే తెలిసిన సంగతిని అథారిటీ ఉత్తర్వు ఆలస్యంగా ఒప్పుకుంది. ప్రజాభిప్రాయ సేకరణ సభలో మైకు అందుకోలేకపోయిన ప్రతి మత్స్యకారుడి దగ్గరా అలాంటి సంగతి ఒకటుంటుంది. కోరింగ మడ అడవి పక్కన రేపు ఏ ఓడ వచ్చి నిలిచినా, మొదట అడగాల్సింది కాకినాడ జాలరినే. నీటి కింద ఏముందో అతనికి తెలుసు.

అరచేయి

2024 మార్చి చివరి వారం. దక్షిణాఫ్రికాలో కోతలు ఆగాయి. ఒక్కరోజు, రెండ్రోజులు కాదు, నెలల తరబడి ఆగాయి. ఎస్కమ్ తన పాత యూనిట్లను బాగు చేసుకుంది. ఇళ్ళ మీద, ఫ్యాక్టరీల మీద జనం పరిచిన సౌర పలకలు భారం తగ్గించాయి. అప్పటికి మూడు రేవుల్లో ఒక్కదానికీ కరెంటు ఓడ రాలేదు. ఇరవై ఏళ్ళు కట్టివేయాల్సినంత అత్యవసరం మూడేళ్ళలో తన రూపు మార్చుకుంది.

మనవరాలు ఫ్రీజరు మీది దుప్పటి తీసి, ఉతికి, మడత పెట్టింది. పారేయలేదు. కోతలు మళ్ళీ వస్తాయేమోనన్న అనుమానం ఆమెకు ఇంకా ఉంది. రేవు అనుమతి మీద తగువు కూడా తేలిపోలేదు.

ఆ ఆదివారం రాత్రి దుకాణం కట్టేసి తాతతో పడవెక్కింది. చాలా ఏళ్ళ తర్వాత. మేట పక్కన తాత ఇంజన్ ఆపాడు. దూరంగా బొగ్గు రేవు దీపాలు, దగ్గరగా మడ చెట్ల వాసన. ఆమె అడుగు పలక మీద అరచేయి ఆనించి కూర్చుంది. చాలాసేపు ఏమీ తగల్లేదు.

"చేపలు బాగా తగ్గిపోయాయి" అన్నాడు తాత. "ప్రతి రాత్రీ పలకవు."

ఆమె చెయ్యి తీయలేదు.